అశ్వగంధ క్యాప్సూల్స్, కామెర్లు: బిల్లు కన్నా ముందు కేస్ షీట్ తెచ్చుకోండి

ప్రశ్న: మాది ఖమ్మం. అమ్మకు 58 ఏళ్లు. నిద్ర పట్టడం లేదని, కీళ్లు నొప్పులని తెలిసినవాళ్లు చెబితే అశ్వగంధ క్యాప్సూల్స్ రోజుకు రెండు చొప్పున మూడు నెలలు వాడింది. మొదట్లో నిద్ర బాగానే పట్టింది. తర్వాత కామెర్లు వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. ఏం మందులు వాడుతున్నారని అడిగితే థైరాయిడ్ మాత్ర సంగతి మాత్రమే చెప్పాం. నాలుగో రోజున క్యాప్సూల్స్ విషయం చెప్పగానే డాక్టరు గారు ఆపించారు. 2,80,000 రూపాయలు ఖర్చయ్యాయి. వచ్చే నెలకు రెండేళ్లు నిండుతాయి. డబ్బా మీద ‘పూర్తిగా సహజం, ఎలాంటి దుష్ప్రభావాలూ ఉండవు’ అని ఉంది. బిల్లు పోయింది కానీ డబ్బులు ఫోనులోనే కట్టాం. దుకాణదారు తెలిసినవాడే, పాత తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు. కంపెనీ వాళ్లను అరెస్టు చేయించవచ్చా? అమ్మ పడిన బాధ తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. ఆమె మాత్రం మళ్లీ అవే వాడతానంటోంది.

జవాబు: మీ ఆలోచనంతా బిల్లు గురించి, అరెస్టు గురించే ఉంది. మీ కేసును తేల్చేది ఆ రెండూ కావు. నాలుగో రోజున మీరు చెప్పిన మాటను డాక్టరు కేస్ షీట్‌లో రాశారా లేదా అన్నదే అసలు ప్రశ్న. దాని గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు.

కామెర్లకు కారణాలు చాలా ఉన్నాయి. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ ఉన్నాయి, పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయి, ఇతర మందులు ఉన్నాయి. అవతలి లాయరు లేవగానే అడిగేది ఇదే: ‘మా క్యాప్సూలే కారణమని ఎలా చెబుతారు?’ దానికి మీ అమ్మగారి కన్నీళ్లు జవాబు కావు. వైరస్ పరీక్షల్లో ఏమీ లేదని, స్కానింగ్‌లో రాళ్లు లేవని, క్యాప్సూల్ ఆపిన తర్వాత బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల స్థాయిని చూపే అంకె) తగ్గుతూ వచ్చిందని తేదీల వారీగా చూపే కాగితాలే జవాబు. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి చాలదు. రోజువారీ నోట్స్‌తో సహా పూర్తి కేస్ షీట్ కావాలి.

ఆసుపత్రిలో ‘ఏం మందులు వాడుతున్నారు’ అని అడిగినప్పుడు మూలికల మందు మందు కాదనుకుని చెప్పకపోవడం పెద్ద నిర్లక్ష్యం. చికిత్స మొదటి మూడు రోజులు గుడ్డిగా సాగింది, మీ కేసుకూ అదే బలహీనత అయింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ఊరుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగుల రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు మాత్రమే భద్రపరచాలి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మీ అమ్మగారి సంతకంతో దరఖాస్తు రాసి, రేపే ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన సంగతి) తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. క్యాప్సూల్ అని తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు కానీ, ఆ వాదన మీద పందెం కాయకండి. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి. లీగల్ నోటీసు పంపినంత మాత్రాన, కంపెనీతో మాటలు జరుగుతున్నంత మాత్రాన గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది కానీ, తగిన కారణం చూపాలి.

దుకాణదారు రాసిస్తానన్న బిల్లును ముట్టుకోవద్దు. కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణే. అందులో దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. ఆ బిల్లు నంబరు దుకాణం పుస్తకంలోని వరుసతో, జీఎస్టీ లెక్కతో సరిపోలకపోతే ఒక్క పూటలో దొరికిపోతుంది. అప్పుడు మీ దగ్గరున్న నిజమైన కాగితాలను కూడా ఎవరూ నమ్మరు. పైగా మీకు ఆ అవసరమే లేదు. ఫోనులో కట్టిన సొమ్ము, తేదీ, దుకాణం పేరు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. బ్యాంకు ముద్రతో తీసుకోండి. బిల్లు పోయిందని ఫిర్యాదులో ఉన్నది ఉన్నట్లు రాయండి.

డబ్బా మీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు ఉంటే చట్టం దృష్టిలో అది ఆహార పదార్థం, మందు కాదు. ఆయుర్వేద తయారీ లైసెన్సు ఉంటే ఔషధం. ఆహారమైతే మీరు ఫిర్యాదు చేయవలసింది పోలీసులకు కాదు, జిల్లా ఆహార భద్రత అధికారికి. ఆహార భద్రత చట్టం కింద ప్రాసిక్యూషన్‌కు (కోర్టులో నేర విచారణకు) మామూలు గడువు ఏడాదే. కారణాలు నమోదు చేసి ఆహార భద్రత కమిషనర్ మూడేళ్ల వరకు అనుమతించవచ్చు. అరెస్టు ఆలోచన పక్కన పెట్టండి. మీ ఖర్చు తిరిగి రావడానికి దారి జిల్లా వినియోగదారుల కమిషనే.

అక్కడ మీ బలమంతా డబ్బా మీది ఆ ఒక్క వాక్యంలో ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పష్టమైన హామీకి సరుకు తగ్గట్టు లేకపోతే, తన నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకున్నా బాధ్యత తప్పదు. అశ్వగంధ చెడ్డదని మీరు నిరూపించనక్కర్లేదు. నిద్రకు, ఒత్తిడికి కొంత ఉపయోగపడుతుందని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి, దాన్ని కాదనకండి. అయితే అశ్వగంధ వాడిన అయిదుగురికి కాలేయం దెబ్బతిన్నట్లు 2020లోనే ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు నమోదు చేశారు. థైరాయిడ్ హార్మోన్లను పెంచే అవకాశం కూడా ఉంది. ఇన్ని తెలిసి ‘ఎలాంటి దుష్ప్రభావాలూ ఉండవు’ అని అచ్చు వేయడాన్ని, థైరాయిడ్ ఉన్నవారికి హెచ్చరిక లేకపోవడాన్ని పట్టుకోండి. డబ్బా మీద రోజుకు ఎన్ని వాడాలని ఉందో చూసుకోండి. ఒక్కటే అని ఉంటే అదే చట్టం సెక్షన్ 87 కింద దుర్వినియోగం (చెప్పినట్లు వాడలేదు) అన్న వాదన వస్తుంది. రెండు వాడారన్న నిజం దాచకండి, డాక్టరు నోట్స్‌లో అది ఉండే ఉంటుంది.

మిగిలిన క్యాప్సూల్స్‌ను డబ్బాతో సహా కదపకుండా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించేలా ఫొటోలు తీసి దాచండి. సొంతంగా ప్రైవేటు ల్యాబ్‌కు పంపితే సీలు లేదని కొట్టిపారేస్తారు. అదే చట్టం సెక్షన్ 38 కింద నమూనాను సీలు వేసి ప్రయోగశాలకు పంపమని కమిషన్‌నే కోరండి. మన దేశంలో ఆహార ఉత్పత్తుల్లో అశ్వగంధ వేరుకే అనుమతి ఉంది, ఆకుకు లేదు. ఆకు కలిసిందేమో పరీక్షించమని ప్రత్యేకంగా అడగండి.

ఫిర్యాదుదారు మీ అమ్మగారే. డబ్బాను మీరు కొన్నా, మీ అనుమతితో వాడిన ఆమె చట్టం ప్రకారం వినియోగదారే. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. జిల్లా, రాష్ట్ర, జాతీయ కమిషన్లలో ఏది అన్నది కోరే పరిహారాన్ని బట్టి కాక సరుకుకు చెల్లించిన ధరను బట్టి ఉంటుంది. అది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. తయారీదారుతో పాటు దుకాణదారును కూడా పార్టీగా చేర్చండి, తెలిసినవాడైనా సరే. చికిత్స చేసిన డాక్టరు అఫిడవిట్ ఇస్తే మంచిది. రాయడానికి సంకోచిస్తే, కేస్ షీట్ చూపించి మరో కాలేయ వైద్యుడి అభిప్రాయం తీసుకోండి. అది రావడం ఆలస్యమైతే ఫిర్యాదును ఆపకండి. ముందు ఫిర్యాదు వేసి, అభిప్రాయాన్ని తర్వాత దాఖలు చేయడానికి అనుమతి అడగండి.

మీ అమ్మగారు ఆ క్యాప్సూల్స్ మళ్లీ మొదలుపెట్టడానికి వీల్లేదు. ఒకసారి దెబ్బతిన్న కాలేయం రెండోసారి తట్టుకోకపోవచ్చు. నిద్ర సంగతి థైరాయిడ్ చూసే డాక్టరు గారికే చెప్పి, ఈసారి ఇంట్లో వాడే చూర్ణాలు, కషాయాలతో సహా అన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్లండి.