నాన్నగారి సన్నజ్వరం: ముందు ఏ పరీక్షలు?

అమలాపురం దగ్గర మీ నాన్నగారికి మూడు వారాలుగా సాయంత్రమయ్యేసరికి 100 దాకా జ్వరం వస్తోందని, టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ రక్తపరీక్ష పాజిటివ్ అని రెండుసార్లు యాంటీబయోటిక్స్ వాడినా తగ్గలేదని రాశారు. ఆ వైడాల్ ఒక్కదాన్నే నమ్మకండి. ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్‌కీ, వేరే జ్వరాలకీ కూడా అది పాజిటివ్ చూపించవచ్చు. బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిముల్ని పెంచి చూసే పరీక్ష) నయం, కానీ యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందు తీస్తేనే బాగా పట్టిస్తుంది. వాడిన మందుల చీటీలన్నీ డాక్టరుగారికి చూపించండి.

మా తమ్ముడికి ఇలాగే టైఫాయిడ్ అంటూ రెండు నెలలు గడిపేశారు. చివరికి తేలింది టీబీ, కడుపులోని గ్రంథుల్లో. ఒక్కరోజు కూడా దగ్గు లేదండీ! అందుకే ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగ్ వదలొద్దంటాను. కళ్లె పడితే టీబీ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

సీబీపీ (రక్తకణాల లెక్క), ఈఎస్ఆర్, సీఆర్పీ (ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నాయేమో సూచించేవి), లివర్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), షుగర్, మూత్రం కల్చర్, మలేరియా స్మియర్ ఎలాగూ రాస్తారు. నాన్నగారు వరిచేలో, చేపల చెరువులో దిగుతారన్నారు కదా, ఆ మాట మాత్రం మర్చిపోకుండా చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్, పొదల్లోని చిన్న పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తాయి. రెండింటికీ రక్తపరీక్షలున్నాయి. స్క్రబ్ టైఫస్‌లో పురుగు కుట్టినచోట నల్లటి పెచ్చు కట్టిన మచ్చ ఉండొచ్చు, చంకల్లో, గజ్జల్లో అలాంటిది ఉందేమో ఈరోజే చూడండి.

పొద్దున, సాయంత్రం టెంపరేచర్ పుస్తకంలో రాయండి. బరువు తగ్గుతున్నా, ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా రిపోర్టుల కోసం ఆగకుండా కాకినాడ జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) తీసుకెళ్లండి.