భాగస్వామ్య సంస్థలను కలిపే ఐటీ ఉద్యోగాలు: కామర్స్ విద్యార్థికి దారి

ప్రశ్న: నేను కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. సరఫరాదారులు, పంపిణీదారుల కంప్యూటర్ వ్యవస్థలను ఒక సంస్థ వ్యవస్థతో అనుసంధానించే రంగంలో పనిచేయాలని ఉంది. ప్రోగ్రామింగ్ పెద్దగా రాదు. ఈ రంగం నాకు సరిపోతుందా?

జవాబు: తప్పకుండా సరిపోతుంది. ఒక సంస్థ ఇచ్చిన కొనుగోలు ఆర్డరు ఎవరూ మళ్లీ టైపు చేయకుండానే భాగస్వామి కంప్యూటర్‌లోకి చేరడం, సరుకు బయలుదేరిన సమాచారమూ ఇన్వాయిసూ అదే దారిలో తిరిగి రావడం ఈ పనికి పునాది. ఈ పద్ధతిని ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌చేంజ్, క్లుప్తంగా ఈడీఐ అంటారు. ఉత్తర అమెరికాలో ఎక్కువగా వాడే ఎక్స్12 ప్రమాణంలో ఆర్డరుకు 850, ఇన్వాయిసుకు 810 అనే సంఖ్యలుంటాయి. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో రూపొందిన ఎడిఫ్యాక్ట్ మరో ప్రధాన ప్రమాణం. ఇప్పుడు ఏపీఐల (ఒక సాఫ్ట్‌వేర్ మరో సాఫ్ట్‌వేర్‌తో నేరుగా సమాచారం మార్చుకునే మార్గాల) వాడకం పెరిగినా, వాటి గుండా నడిచేవి మీరు తరగతిలో చదువుకున్న ఆ వ్యాపార పత్రాలే.

ఇలాంటి ప్రాజెక్టులు సాంకేతిక లోపం కంటే రెండు సంస్థల మధ్య అంగీకారం కుదరకపోవడం వల్లనే ఎక్కువగా కుంటుపడతాయని నా అభిప్రాయం. ఒకే వస్తువును ఒకరు పెట్టెల్లో, మరొకరు విడి ముక్కల్లో లెక్కిస్తే ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా తప్పునే వేగంగా చేరవేస్తుంది. అంతకన్నా చిక్కైనది నమ్మకం. దుకాణంలో గిరాకీ కొద్దిగా మారినా, పై అంచెల్లో ఉన్నవారికి ఆర్డర్లు తప్ప అసలు అమ్మకాలు కనిపించవు కనుక, ఆ మార్పు ఉత్పత్తిదారుని చేరేసరికి ఎన్నో రెట్లు పెరిగి కనిపిస్తుంది. దీనిని బుల్‌విప్ ప్రభావం అంటారు. అమ్మకాల వివరాలు పంచుకుంటే ఇది చాలావరకు తగ్గుతుంది. కానీ ఆ వివరాలను రేపు ధరల బేరంలో తమపైనే ప్రయోగిస్తారేమోనన్న భయం అమ్మకందారుకు ఉంటుంది, అది సహజం కూడా. ఎవరు ఏ సమాచారం చూడవచ్చో, దేనికి వాడవచ్చో ఒప్పందంలో రాయించగలిగిన వ్యక్తి విలువ అక్కడే తెలుస్తుంది.

చిన్న భాగస్వాముల సంగతి ప్రత్యేకంగా గమనించండి. పెద్ద కొనుగోలుదారు ఒత్తిడికి మాత్రమే తలొగ్గి ఈడీఐ పెట్టుకున్న సంస్థ, వచ్చిన ఆర్డరును ముద్రించుకుని తన లెక్కల్లోకి మళ్లీ చేత్తో ఎక్కించుకుంటూ ఉండవచ్చు. అలాంటి చోట మిగిలేది ఖర్చే, ప్రయోజనం మాత్రం కనిపించదు.

ఇక నేర్చుకోవలసినవి: ఏదైనా ఒక ఈఆర్‌పీలో (సంస్థ కొనుగోళ్లు, అమ్మకాలు, లెక్కలను ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌లో) కొనుగోలు, అమ్మకాల విభాగాలు, డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే భాష ఎస్‌క్యూఎల్, వ్యవస్థల మధ్య సమాచారం పంపడానికి వాడే ఎక్స్ఎంఎల్, జేసన్ ఫైళ్లను చదివి అర్థం చేసుకోవడం. ఖరీదైన సర్టిఫికెట్ కోర్సులో చేరేముందు ఒక సంస్థ కొనుగోలు విభాగంలో ఇంటర్న్‌షిప్ చేయండి. ఆ తర్వాత ఈడీఐ అనలిస్ట్, బిజినెస్ అనలిస్ట్ ఉద్యోగాలకు ప్రయత్నించండి. అయితే వీటిలో రోజులో చాలా భాగం అవతలి సంస్థ సిబ్బందితో మాట్లాడి ఒప్పించడంలోనే గడుస్తుంది. అది మీ స్వభావానికి సరిపడదనిపిస్తే, ప్రోగ్రామింగ్ శ్రద్ధగా నేర్చుకుని, వ్యవస్థలను కలిపే ప్రోగ్రాములు రాసే ఇంటిగ్రేషన్ డెవలపర్ ఉద్యోగం వైపు వెళ్లడం మంచిది.