సబ్జెక్ట్, ప్రెడికేట్: గీత ఎక్కడ గీయాలో పిల్లలకి ఎలా చెప్పాలి?

ప్రశ్న: నాలుగో తరగతి పాప. సబ్జెక్ట్, ప్రెడికేట్ నిర్వచనాలు గడగడా అప్పజెప్తుంది. వాక్యం ఇచ్చి విడదీయమంటే మాత్రం మొదటి ఒకటి రెండు మాటల తర్వాత గీత గీసేస్తుంది. ఎలా నేర్పాలి?

జవాబు: తప్పు పాపది కాదు, ఆ నిర్వచనానిది. ‘పని చేసేది సబ్జెక్ట్, చేసే పని ప్రెడికేట్’ అన్నది ‘ది డాగ్ బార్క్స్’ దాకా బాగానే నడుస్తుంది. ‘ది మిల్క్ ఈజ్ హాట్’ దగ్గరికొస్తే బోల్తా కొడుతుంది. పాలు ఏం పని చేశాయి? ‘ది విండో వాజ్ బ్రోకెన్ బై ది బాల్’లో పగలగొట్టింది బంతి, సబ్జెక్ట్ మాత్రం కిటికీ. సబ్జెక్టుని కర్త అని చెప్పినా ఇదే చిక్కు. ఉద్దేశ్యం, విధేయం అనే సరైన మాటలు తెలుగులో ఉన్నాయి గానీ, ఆ వయసుకి అవి ఇంగ్లీషు పేర్లకన్నా బరువు. పైగా పిల్లల దృష్టిలో సబ్జెక్ట్ అంటే లెక్కలు, సైన్సు!

అందుకే మొదటి వారం ఆ పేర్లే ఎత్తకండి. ‘ఎవరు, ఏది’ ముక్క ఒకటి, ‘ఏంటట’ ముక్క ఒకటి. ‘ది మిల్క్.’ ఏంటట? ‘ఈజ్ హాట్.’ ఇలా నోటితోనే రోజుకి పది వాక్యాలు చాలు.

తర్వాత పెన్సిల్ పట్టించండి. ముందు వెతకాల్సింది సబ్జెక్టుని కాదు, క్రియని. వాక్యం ఈరోజుదైతే నిన్నటికి, నిన్నటిదైతే ఈరోజుకి మార్చమనండి. ఏ మాట మారిందో అదే క్రియ. ‘ది బాయ్ ఇన్ ది రెడ్ షర్ట్ ప్లేస్ వెల్’ అన్నది నిన్నటికి మారిస్తే ‘ప్లేస్’ ఒక్కటే ‘ప్లేడ్’ అవుతుంది. గీత సరిగ్గా దాని ముందు పడాలి. ఎడమ పక్కదంతా సబ్జెక్ట్, కుడి పక్కదంతా ప్రెడికేట్. ‘ది బేబీ ఈజ్ స్లీపింగ్’లో పిల్లలు ‘స్లీపింగ్’ ముందు గీస్తారు, నిద్ర అక్కడుంది కాబట్టి. నిన్నటికి మార్చి చూస్తే మారేది ‘ఈజ్’. గీత దాని ముందే. పుట్, కట్, హిట్ లాంటివి రూపం మార్చకుండా తిప్పలు పెడతాయి, మొదట్లో వాటి జోలికి పోకండి.

ఇక సరిచూసుకోవడం. ఎడమ ముక్క మొత్తం తీసేసి ఆ చోట హి, షి, ఇట్, వి, దే లలో ఏది కుదిరితే అది పెట్టాలి. పాప ‘బాయ్’ తర్వాత గీసిందనుకోండి, ‘హి ఇన్ ది రెడ్ షర్ట్ ప్లేస్ వెల్’ అని వస్తుంది. చదివితే చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది. గీత జరిపితే ‘హి ప్లేస్ వెల్’. తన తప్పు తనే పట్టుకుంటుంది, మీరు ఎర్ర సిరా తీయక్కర్లేదు.

ఈ పరీక్ష ఒకచోట మోసం చేస్తుంది. ‘ఇన్ ది మార్నింగ్ ది బర్డ్స్ సింగ్’లో గీత ‘సింగ్’ ముందు పెట్టి, ఎడమదంతా తీసేసి ‘దే’ పెడితే ‘దే సింగ్’ అని శుభ్రంగా వచ్చేస్తుంది. ‘ఇన్ ది మార్నింగ్’ మాత్రం సబ్జెక్ట్ కాదు. ఎప్పుడు, ఎక్కడ అని చెప్పే ముక్క ముందుంటే దాన్ని వాక్యం చివరికి జరిపి, ఆ తర్వాతే గీత గీయాలి.

చేతికి పని ఉంటే ఇంకా బాగా ఎక్కుతుంది. కాగితం పట్టీల మీద ఎనిమిది వాక్యాలు రాయండి, నాలుగు ఏకవచనం, నాలుగు బహువచనం. గీత దగ్గర పాప కత్తిరించాలి. ముక్కలు కలిపేసి కొత్త జతలు కట్టించండి. ‘ది ఓల్డ్ ఎలిఫెంట్’ పక్కన ‘ఈజ్ రైటింగ్ ఎ లెటర్’ పడితే నవ్వుతుంది, పరవాలేదు, వాక్యం సరైనదే. ‘ది బర్డ్స్’ పక్కన ‘సింగ్స్ స్వీట్లీ’ పడితే మాత్రం అతకదు. ఎందుకో అడగండి. ఏకవచనం, బహువచనం సంగతి అక్కడే దొరుకుతుంది. ‘ది బాక్స్ ఆఫ్ పెన్సిల్స్’కి ‘ఈజ్’ ఎందుకు, ‘ఆర్’ ఎందుకు కాదు అన్నది కూడా ఈ ముక్కలతోనే తేలుతుంది: లెక్కలోకి వచ్చేది పెట్టె, పెన్సిళ్లు కాదు.

సొంతంగా రాసేటప్పుడు తెలుగు అలవాటు రెండు చోట్ల అడ్డొస్తుంది. ‘ఆమె డాక్టర్’ అంటే మనకి నిండు వాక్యమే, క్రియ అక్కర్లేదు. అందుకే ‘షి డాక్టర్’ అని రాస్తారు. ‘నిన్న వచ్చాను’లో చివరి ‘ను’యే నేను అని చెప్పేస్తుంది కాబట్టి ‘యెస్టర్‌డే కేమ్’ అని రాస్తారు. ఇంగ్లీషులో రెండు ముక్కలూ కంటికి కనబడాలి. చెప్పడానికి ఎవరూ లేకపోయినా ‘ఇట్ ఈజ్ రైనింగ్’ అని ఒక ‘ఇట్’ తెచ్చి కూర్చోబెడతారు.

హోంవర్క్ ఇచ్చినప్పుడు ఒకటి చూసుకోండి. ‘సింపుల్ సబ్జెక్ట్’ అంటే ‘డాగ్’ ఒక్కటే, ‘కంప్లీట్ సబ్జెక్ట్’ అంటే ‘ది బ్లాక్ డాగ్’ మొత్తం. ఏది అడిగారో చూడకుండా రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ప్రశ్నలు, ‘దేర్ ఈజ్’ వాక్యాలు చివరికి ఉంచండి. ప్రశ్నని మామూలు వాక్యంగా తిప్పాకే గీత. ‘క్లోజ్ ది డోర్’ లాంటివి మాత్రం వెంటనే అందుకుంటారు, ‘తలుపు వెయ్యి’ అన్నప్పుడు ఎవరు వెయ్యాలో అడగక్కర్లేదుగా. కనబడని ‘యు’ అక్కడ సబ్జెక్ట్, వాక్యం మొత్తం ప్రెడికేట్.