గొడవ సంగతి తర్వాత, ముందు చేయి డాక్టరుకు చూపించండి

ప్రశ్న: మాది చెన్నై, కోడంబాక్కం. మా అబ్బాయి ప్లస్ టూ. పియానోలో లండన్ ట్రినిటీ కాలేజీ వారి ఎనిమిదో గ్రేడ్ పరీక్ష పాసయ్యాడు. కచేరీలిచ్చే పియానిస్టునే అవుతానంటాడు. మావారు ఇంజినీరింగే అంటారు, వాడు వాయిస్తుంటే ఆ గదిలోకే రారు. వాడు పంతంకొద్దీ రోజుకు ఆరు గంటలు వాయించి కుడి మణికట్టు నొప్పి తెచ్చుకున్నాడు. నాన్నకి చెప్పొద్దంటున్నాడు. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీవారికి ఈ రోజే చెప్పండి. అయితే ముందు ఒక మాట తీసుకోండి: వైద్యం వేరు, చదువు వేరు. "నేను చెప్పలేదా" అని ఆయన అన్నారంటే అబ్బాయి రెండోసారి నొప్పి చెప్పడు.

కుడిచేత్తో వాయించడం ఆపి ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. తిమ్మిరి ఉంటే ఏ వేళ్లకో గమనించమనండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మణికట్టు దగ్గర నరం, ఉంగరపువేలు, చిటికెనవేలు అయితే ఎక్కువగా మోచేతి దగ్గర నరం నొక్కుకుంటూ ఉండొచ్చు.

కూర్చునే ఎత్తూ చూడండి. చాలా ఇళ్లలో కీబోర్డు డైనింగ్ టేబుల్ మీదే ఉంటుంది. టేబుల్ ఎత్తుకు కీబోర్డు మందం తోడై మెట్లు (కీలు) పైకి పోతాయి, మణికట్టు తిన్నగా ఉండదు. మోచేయి మెట్ల మట్టానికి, లేదా రవ్వంత పైకి రావాలి. కుర్చీ మీద దుప్పటి మడతలేసినా సరే. డాక్టరు సరేనన్నాక కూడా ఇరవై అయిదు నిమిషాలు వాయించి, అయిదు నిమిషాలు ఆగాలి. డాక్టరు సరే అనేదాకా నొటేషన్ (రాసిన స్వరాలు) చదువుకోవడం, ఎడమచేతి సాధన చాలు. రష్యన్ స్వరకర్త, పియానిస్టు స్క్ర్యాబిన్ కూడా అతిసాధనతో కుడిచేయి చెడగొట్టుకున్నవాడే. 1894లో ఎడమచేతికి మాత్రమే ప్రెల్యూడ్, నాక్టర్న్ అనే రెండు చిన్న రచనలు రాశాడు.

ఇక చదువు. ఎనిమిదో గ్రేడ్ గడప మాత్రమే. దాని తర్వాత ట్రినిటీవే, ఒకదాని మీద ఒకటిగా ఏటీసీఎల్, ఎల్‌టీసీఎల్, ఎఫ్‌టీసీఎల్ డిప్లొమాలు. విదేశీ కన్సర్వేటరీల (సంగీత కళాశాలల) ఆడిషన్లో సాధారణంగా స్వరకర్త బాఖ్ రాసిన ప్రెల్యూడ్-ఫ్యూగ్ జంట, ఒక క్లాసికల్ సొనాటా (పలు భాగాల పెద్ద రచన), ఎట్యూడ్ (వేళ్ల నైపుణ్యం చూపే రచన) అడుగుతారు, చాలాచోట్ల నొటేషన్ చూడకుండా వాయించాలి. కచేరీలతోనే బతికేవాళ్లు బహు తక్కువ, ఎక్కువమందికి పాఠాలే ఆధారం. ఈ సంగతి అబ్బాయి వినాలి. జర్మనీలో చదువంతా ఉచితమన్న మాటా నమ్మకండి: అక్కడి బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి విదేశీ విద్యార్థులకు సెమిస్టరుకు 1,500 యూరోలు. చెన్నైలోనే రెహమాన్ 2008లో పెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది, అక్కడా కనుక్కోండి.

చేయి కుదురుకున్నాక ఏడాది గడువు పెట్టుకోండి. చివర్లో నలభై నిమిషాల ప్రోగ్రాం, తన గురువుకు కాకుండా, మొహమాటం లేని మరో టీచరుకు వినిపించాలి. ఆ రోజు మీవారినీ ఆ గదిలోనే కూర్చోబెట్టండి.