తేలికపాటి స్లాంట్ సేఫ్టీ రేజర్ ఎవరికి పనికొస్తుంది?

గడ్డం బిరుసుగా ఉండి, మామూలు సేఫ్టీ రేజర్ వెంట్రుకను పీకుతున్నట్టు అనిపించేవాళ్లకి. స్లాంట్‌లో బ్లేడు అంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి వెంట్రుకను ఎదురుగా తోయకుండా కోసుకుంటూ పోతుంది. బ్లేడును మెలితిప్పి పట్టే రకాల్లో అది బిగుసుకుని, అదరడం కూడా తగ్గుతుంది.

చిక్కంతా బరువు దగ్గరే. బరువైన రేజర్ తన బరువుతోనే పని చేసుకుపోతుంది. తేలికదానికి ఆ ఊతం ఉండదు, చెయ్యి తెలియకుండానే నొక్కేస్తుంది. స్లాంట్ దాన్ని క్షమించదు: మెడ మీద మంట, ఎర్రటి చుక్కలు. హ్యాండిల్‌ను వేళ్ల కొసలతో పట్టుకుని, చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో, 2-3 సెంటీమీటర్ల చొప్పున గీయండి. పక్కకి వంచి లాగొద్దు. ఆ ఏటవాలు రేజర్ తలలోనే (బ్లేడు బిగించే భాగంలోనే) ఉంది. ఈ అలవాటు కుదిరితే గడ్డం కింద, దవడ మలుపులో తేలిక రేజర్ తిప్పడమే హాయి.

మెలితిప్పే రకంలో బ్లేడు కింద సందు ఒక చివర ఎక్కువగా కనిపించడం మామూలే. రేజర్ తిరగేస్తే రెండో వైపూ అలాగే ఉండాలి, లేకపోతే బ్లేడు విప్పి మళ్లీ బిగించండి. ప్లాస్టిక్, బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) తలలైతే అతిగా బిగిస్తే మరలు పోతాయి, కింద పడితే పగలొచ్చు. మొదటి సేఫ్టీ రేజర్‌గా మాత్రం దీన్ని కొనొద్దు.