నాలుగో భాగస్వామి అడిగిన ప్రశ్న

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి మరో ముగ్గురితో కంపెనీ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆమె ఏడుస్తూ చెప్పింది, నేను నవ్వుతూ విన్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, జీఎస్టీ ఇవన్నీ ఆడిటర్ చూసుకుంటాడు. వాటాల ఒప్పందం మాత్రం ఈ నెలలోనే రాసుకోండి. నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా దక్కేలా, ఏడాది నిండకుండా వెళ్లిపోయినవాళ్లకు ఏమీ రాకుండా రాసుకోవడం ఇప్పుడు మామూలే. మేము నలుగురం సంస్థ పెట్టినప్పుడు ఏమీ రాసుకోలేదు. అలాంటప్పుడు 1932 నాటి భాగస్వామ్య చట్టం లాభాలను సమానంగా పంచేస్తుంది. ఎవరెంత చాకిరీ చేశారో దానికి అక్కర్లేదు.

1993లో బాలానగర్‌లో షెడ్డు అద్దెకు తీసుకుని వోల్టేజ్ స్టెబిలైజర్లు తయారుచేశాం. ముగ్గురిదీ ఒకే కాలేజీ, ఒకే హాస్టలు. ఒకరి మాట మరొకరు పూర్తిచేసేవాళ్లం. అదే ఐకమత్యమని మురిసిపోయాం. నాలుగో భాగస్వామి అనంతపురం వైపు ఊరూరా తిరిగి మోటార్లు అమ్మినవాడు, పదో తరగతి దాటలేదు. మొదటి సరుకు సిద్ధమైన రోజు ఒక పెట్టె మూత విప్పి, లోపలి స్విచ్చి, అదే రిలే, మీద వేలు పెట్టి, "సాయంత్రం మోటార్లు వేశారంటే మా ఊళ్లలో కరెంటు 120 వోల్టులకి పడిపోతుంది. ఇది 150 దగ్గరే చేతులెత్తేస్తుంది కదా?" అన్నాడు. పనివాళ్లందరి ముందూ, "అమ్మకాలు చూసుకో, డిజైన్ సంగతి నీకేం తెలుసు" అన్నాను. మాట్లాడకుండా మూత బిగించాడు. స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఆ తరువాత ఎప్పుడు కూర్చున్నా అతను నోరు విప్పలేదు. ఎండాకాలంలో 200 పెట్టెలు పంపితే 70 తిరిగొచ్చాయి. అతని దగ్గర నుంచి రాతపూర్వక నోటీసూ వచ్చింది. దాంతో సంస్థ రద్దయింది.

పరిశోధకులు పని మీద తగవు వేరు, మనుషుల మధ్య తగవు వేరు అంటారు. మొదటిదాన్ని రెండోదిగా మార్చడానికి నాకు అర నిమిషం పట్టింది.

మీలో ఒకాయన గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసినవాడట. కోల్డ్ స్టోరేజీలో మీరు పెట్టే సెన్సార్ల గురించి ఆయన మొరటుగానే అడగవచ్చు. అడగనివ్వు. కాగితం ముందు పెట్టుకుని ఎంతైనా పోట్లాడండి. "నువ్వెప్పుడూ ఇంతే" అనే మాట వచ్చిందా, లేచి టీ తాగండి. క్యారమ్స్‌లో ఓడిపోతే బోర్డు తిరగేసేదానివి, నాకు తెలియదా? నా నోరే వచ్చింది నీకు.

ఒప్పందం ముసాయిదా పంపు, చదువుతాను. జీతం లేని నెలల్లో అద్దెకు ఇబ్బందైతే ముందు నన్ను అడుగు, ఆ ముగ్గురినీ కాదు.

మీ మామయ్య