బైక్ చైన్‌కి ఎన్ని కిలోమీటర్లకోసారి ల్యూబ్ వేయాలి? స్ప్రే మేలా, గేర్ ఆయిల్ మేలా?

మీరు అడిగినవి నాలుగు. ఓ-రింగ్ చైన్‌కి (లింకుల్లో రబ్బరు రింగులున్న చైన్‌కి) ఎన్ని కిలోమీటర్లకోసారి ల్యూబ్ వేయాలి, స్ప్రే కొనాలా లేక గేర్ ఆయిల్ సరిపోతుందా, పెట్రోల్‌తో కడగొచ్చా, సర్వీసులో చైన్ బిగించాక మొదలైన మోత ఆయిల్ వేసినా ఎందుకు పోవడం లేదు. చివరి దానితో మొదలుపెడతాను. మిగతా మూడూ నెమ్మదిగా చూసుకోవచ్చు, ఇది మాత్రం ఈరోజే చూడండి.

సర్వీసు నుంచి రాగానే మోత మొదలైందంటే చైన్‌ని అవసరానికి మించి బిగించి ఉండే అవకాశమే ఎక్కువ. నా బండికీ ఒకసారి ఒక వర్క్‌షాపులో ఇలాగే చేసి ఇచ్చారు. నెమ్మదిగా వెళ్తుంటే సన్నగా ఊళ వేసినట్టు శబ్దం, గుంతలో పడితే వెనక సస్పెన్షన్ మెత్తగా దిగకుండా కొట్టినట్టు ఉండేది. చైన్ మీద ఆయిల్ నిగనిగలాడుతూనే ఉంది. కింది వరస మధ్యలో వేలు పెట్టి పైకి నొక్కితే దాదాపు కదల్లేదు. సరైన కొలతకి వదులు చేశాక శబ్దం పోయింది.

దీనికి కారణం ఉంది. మనం బండి మీద కూర్చున్నా, గుంతలో పడినా స్వింగ్ ఆర్మ్, అంటే వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చేయి, పైకి లేస్తుంది. ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం), స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక యాక్సిల్ ఈ మూడూ ఒకే గీత మీదకి వచ్చినప్పుడు రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువవుతుంది. చైన్‌లో వదిలే లూజు, అంటే స్లాక్, ఆ క్షణం కోసమే. అది లేకపోతే ఆ లాగుడంతా గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద, చక్రం బేరింగుల మీద పడుతుంది. బాగా లూజైన చైన్ కూడా మంచిది కాదు, స్వింగ్ ఆర్మ్‌కి కొట్టుకుంటుంది, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు కుదుపు వస్తుంది, మరీ ముదిరితే స్ప్రాకెట్ మీంచి ఊడిపోవచ్చు. అయినా కొలతలో ఉన్న రెండు హద్దుల మధ్య నేనెప్పుడూ లూజు వైపు హద్దుకి దగ్గరగానే పెడతాను.

ఆ స్లాక్, అంటే కింది వరస మధ్యలో చైన్ పైకీ కిందికీ కదిలే దూరం, ఎంత ఉండాలన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, చాలా బళ్లకి స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కర్ కూడా అంటించి ఉంటుంది. మామూలు రోడ్డు బళ్లకి తరచుగా 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటుంది, పొడుగు సస్పెన్షన్ ఉన్న బళ్లకి ఇంకా ఎక్కువ. సైడ్ స్టాండ్ మీద కొలవాలా, సెంటర్ స్టాండ్ మీదా అన్నది కూడా మాన్యువల్ చెప్పినట్టే చేయండి, ఎందుకంటే కొలత మారిపోతుంది. ఒక్కచోట కొలిచి ఊరుకోవద్దు. చక్రం కొంచెం కొంచెంగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. కాస్త వాడిన చైన్ అంతా ఒకేలా ఉండదు. అన్నిటికంటే బిగువుగా ఉన్నచోట కొలత సరిపోవాలి.

సరిచేయాలంటే యాక్సిల్ నట్ వదులు చేసి రెండువైపులా అడ్జస్టర్లని సమానంగా తిప్పాలి. స్వింగ్ ఆర్మ్ మీద గీతలుంటాయి కానీ వాటినే పూర్తిగా నమ్మకుండా వెనక నుంచి ఒక కన్ను మూసి చైన్ వరస వెంట చూడండి, వంకరగా ఉంటే తెలిసిపోతుంది. చక్రం అడ్జస్టర్లకి ఆనుకుని ఉందో లేదో కూడా చూడాలి. నేను వెనక స్ప్రాకెట్‌కీ చైన్‌కీ మధ్య మడతపెట్టిన గుడ్డ ఇరికించి, వేళ్లు దూరంగా ఉంచి, చక్రం కొద్దిగా తిప్పుతాను. చైన్ బిగిసి చక్రాన్ని ముందుకి లాగి పట్టుకుంటుంది, అప్పుడు నట్ బిగిస్తాను. నట్ బిగించాక స్లాక్ మళ్లీ కొలవండి, ఆ బిగింపులో కొంచెం తగ్గడం మామూలే. వెనక డ్రమ్ బ్రేక్ అయితే చక్రం జరిగింది కాబట్టి పెడల్ ఆట, బ్రేక్ లైటు కూడా సరిచూసుకోవాలి. నట్‌కి అది ఊడకుండా అడ్డుపెట్టే కాటర్ పిన్ ఉంటే అది వేయకుండా బండి తీయొద్దు.

ఇక ల్యూబ్. ఓ-రింగ్ చైన్‌లో లింకులని కలిపే పిన్నుకీ, దాని చుట్టూ గొట్టంలా ఉండే బుష్‌కీ మధ్య గ్రీజు తయారీలోనే నింపేసి, అది బయటికి పోకుండా, నీళ్లూ ఇసకా లోపలికి రాకుండా పలకల మధ్య రబ్బరు రింగులు బిగిస్తారు. చైన్ ఆయుష్షంతా ఆ లోపలి గ్రీజులోనే ఉంది. మనం బయట వేసే ఏ ఆయిలూ అక్కడికి చేరదు. మరి వేయడం ఎందుకంటే, రోలర్‌కీ స్ప్రాకెట్ పళ్లకీ మధ్య, రోలర్‌కీ దాని లోపలి బుష్‌కీ మధ్య రాపిడి ఉంటుంది కాబట్టి. రబ్బరు రింగులు ఎండిపోకూడదు, పలకలకి తుప్పు పట్టకూడదు. ఇది అర్థమైతే ఖరీదైన డబ్బా ఏది కొనాలన్న బెంగ తగ్గిపోతుంది. రింగులని కాపాడుకోవడమే అసలు పని.

మాన్యువళ్లలో సాధారణంగా 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య ఏదో ఒక అంకె ఉంటుంది. మట్టి రోడ్లలో ఎక్కువ తిరిగితే 500 దగ్గరే ఉండండి. వానలో తడిస్తే మాత్రం అంకె చూడక్కర్లేదు, బండి ఆపాక తుడిచి ఆరనిచ్చి అదే రోజు ల్యూబ్ వేయండి. నేను మీటరు కంటే రోలర్లని ఎక్కువ నమ్ముతాను. వేలితో రాస్తే రోలర్ మీద జిడ్డు పొర తగలాలి. పొడిగా మెరుస్తున్నా, కాస్త ఎర్రగా కనిపించినా ఆలస్యమైనట్టే.

స్ప్రే, గేర్ ఆయిల్ రెండూ చాలాకాలంగా వాడుతున్నాను. రోజువారీ బండికి నా ఓటు గేర్ ఆయిల్‌కే. చాలా మాన్యువళ్లు ఎస్‌ఏఈ 80 లేదా 90 గేర్ ఆయిల్‌ని ఒప్పుకుంటాయి. సందుల్లోకి బాగా పాకుతుంది, తుడిచినప్పుడు మురికిని తనతో తెచ్చేస్తుంది. ఇబ్బంది ఏమిటంటే చక్రం రిమ్ మీద చిమ్ముతుంది, త్వరగా పోతుంది, తరచుగా వేయాలి. స్ప్రే దూర ప్రయాణాల్లో సులువు, సంచిలో పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు ఓ-రింగులకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉందో లేదో చూడండి. బాగా జిగురుగా ఉండే రకం వానల్లో నిలుస్తుంది కానీ దుమ్ము రోడ్ల మీద ఆ జిగురుకే ఇసక అంటుకుని రాపిడి ముద్దలా తయారవుతుంది. దుమ్ముకి మైనం రకం నయం.

మామూలు గ్రీజు పూయకండి, అది సందుల్లోకి పోదు, పైన ఉండి మట్టిని పట్టుకుంటుంది. ఇంజిన్ నుంచి తీసేసిన పాత ఆయిల్ చాలామంది పోస్తారు, అందులో అరిగిన లోహపు పొడి ఉంటుంది, అది చైన్‌కి అక్కర్లేదు. డబ్ల్యూడీ-40 లాంటి పలుచని స్ప్రేలు మురికి వదిలించడానికి, తేమ తోలడానికి పనికొస్తాయి, ల్యూబ్‌గా మాత్రం నిలవవు.

పెట్రోల్‌తో కడగొద్దు. రబ్బరు రింగులని పాడుచేస్తుంది, పైగా నిప్పంటుకునే ప్రమాదం. కిరోసిన్ లేదా చైన్ క్లీనర్, మెత్తటి నైలాన్ బ్రష్, పాత గుడ్డ చాలు. వైర్ బ్రష్ రింగులని చీరేస్తుంది. ప్రెషర్ వాషర్‌ని చైన్ మీద దగ్గరగా పెట్టనివ్వకండి, ఆ నీటి ఒత్తిడి రింగుని దాటి లోపలికి పోగలదు. చైన్‌ని కిరోసిన్‌లో నానబెట్టడం కూడా అక్కర్లేదు, రుద్ది వెంటనే పొడిగా తుడిచేయండి. ప్రతిసారీ ఇంత కడగాల్సిన పని లేదు, మామూలు రోజుల్లో గుడ్డతో తుడిచి ల్యూబ్ వేస్తే సరిపోతుంది.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇంజిన్ ఆపి, తాళం తీసేసి, న్యూట్రల్‌లో చక్రం చేత్తోనే తిప్పండి. సెంటర్ స్టాండ్ వేసి, గేర్‌లో ఇంజిన్ నడిపిస్తూ చైన్‌కి గుడ్డ పట్టే అలవాటు చాలామందిలో చూశాను. గుడ్డ చైన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య పడితే వేళ్లు వెనక్కి తీసుకునే సమయం ఉండదు. చేత్తో తిప్పేటప్పుడు కూడా చక్రాన్ని వెనక్కి తిప్పండి. అప్పుడు కింది వరస వెనక స్ప్రాకెట్ నుంచి దూరంగా కదులుతుంది, చెయ్యి పళ్లవైపు పోదు.

బండి నడిపి వచ్చాక చైన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు వేస్తే ల్యూబ్ బాగా పాకుతుంది. కింది వరస లోపలి వైపు, రోలర్ల మీద, రెండు అంచుల్లో రింగులు ఉండేచోట పడేలా వేయండి. చైన్ తిరిగినప్పుడు అది దానంతటదే బయటివైపుకి వస్తుంది. వెనక ఒక అట్టముక్క అడ్డుపెడితే టైరు మీద, డిస్క్ మీద పడదు. డిస్క్ మీద చుక్క పడ్డా బ్రేక్ పట్టదు. రాత్రంతా వదిలేసి పొద్దున పైన మిగిలిందాన్ని తుడిచేయండి.

చైన్ పని అయిపోయిందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ని పట్టుకుని వెనక్కి లాగండి, పన్ను సగం దాకా బయటపడితే అరిగిపోయినట్టే. కచ్చితంగా కావాలంటే చైన్‌ని బిగువుగా ఉంచి 20 పిచ్‌లు, అంటే ఒక పిన్ను మధ్య నుంచి ఇరవై పిన్నుల అవతలి పిన్ను మధ్య వరకు కొలవండి. 428 సైజు చైన్ కొత్తగా ఉన్నప్పుడు ఇది 254 మిల్లీమీటర్లు, 520 చైన్‌కి 317.5. రెండు శాతం పెరిగితే ఇక ఆలోచించకుండా మార్చేయండి, కొన్ని మాన్యువళ్లు అంతకంటే ముందే మార్చమంటాయి. చైన్ సాగిందని అంటాం కానీ సాగేది ఇనుము కాదు, ప్రతి పిన్నూ బుష్షూ కొంచెం కొంచెం అరిగి పొడవు పెరుగుతుంది. ఏదైనా లింకు దగ్గర ఎర్రటి పొడి కనిపిస్తే, స్ప్రాకెట్ దాటాక కూడా అది వంగే ఉంటే, అక్కడ రింగు పోయి గ్రీజు ఎండిపోయిందని అర్థం. బయట ఎంత ఆయిల్ పోసినా ఆ లింకు మళ్లీ కోలుకోదు.

మార్చాల్సి వస్తే చైన్ ఒక్కటే కాకుండా రెండు స్ప్రాకెట్లతో కలిపి సెట్‌గా మార్చండి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అది త్వరగా అరుగుతుంది. చైన్ రెండు కొసలనీ కలిపే లింకుకి క్లిప్ ఉంటే క్లిప్ మూసి ఉన్న కొస చైన్ కదిలే దిశవైపు ఉండాలి. కొత్త సెట్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త లూజవుతుంది, అప్పుడు స్లాక్ మరోసారి కొలవండి.